చక్రాలు ఆగిన రోజు

రైడర్లు కాళ్లు చాపుకునే రోజునే వాళ్ల వెనక నడిచే బృందానికి ఊపిరాడదు. విరాళాల కోసం సాగే సుదీర్ఘ సైకిల్ యాత్రల్లో తెర వెనక మనుషుల సంగతి ఇది.

మెకానిక్ చేతిలో జానెడు పొడవున్న ఉక్కు పట్టీ ఉంటుంది. దాని రెండు కొసల్లోనూ చిన్న కొక్కేలు. ఒకదాన్ని సైకిల్ చైను లింకులో దూర్చి, రెండోదాన్ని మెల్లగా వాలుస్తాడు. అది చైను మీదే ఆగిపోతే ఇంకొన్నాళ్లు తొక్కవచ్చు. టక్కున లింకులోకి దిగిపోయిందా, ఆ చైను పని అయిపోయినట్టే. కొత్త చైనులో అడుగు పొడవు ముక్క దాదాపు 305 మిల్లీమీటర్లు ఉంటుంది. అది మిల్లీమీటరున్నర సాగితే చాలు, పదకొండు, పన్నెండు గేర్ల సైకిళ్లకు మార్చేయాల్సిందే. పోనీలే అని వదిలేస్తే వెనక చక్రానికున్న పళ్లను కూడా అరగదీస్తుంది. అప్పుడు వదిలే చమురు చైనుది కాదు, చేతిది.

ఇలా ఇరవైకి అటూ ఇటూగా ఉన్న సైకిళ్లన్నిటికీ కొలత తీయాలి. హోటల్ వెనక కార్లు ఆపే జాగాలో పరిచిన టార్పాలిన్, బకెట్లలో సబ్బునీళ్లు, చుట్టూ ఊడదీసిన చక్రాలు. పై అంతస్తులో కర్టెన్లు వేసుకుని రైడర్లు నిద్రపోతుంటారు. యాత్ర షెడ్యూల్లో ఆ తేదీకి ఎదురుగా ఉండేవి రెండే మాటలు: విశ్రాంతి దినం.

విడిదింట్లో పెళ్లివారు కునుకు తీసే వేళకే వంటశాలలో గాడిపొయ్యి రాజుకుంటుంది. దూరపు సైకిల్ యాత్రల్లో విశ్రాంతి రోజు కూడా అంతే. అది తొక్కేవాళ్లకు సెలవు. వాళ్ల వెనక వ్యాను నడిపేవాళ్లకు, వండేవాళ్లకు, బట్టలు ఉతికేవాళ్లకు, పంచర్లు వేసేవాళ్లకు ఆరేడు రోజులుగా వాయిదా పడుతూ వచ్చిన పనంతా ఒక్కసారిగా మీద పడే రోజు.

అసలు పోటీకి వారం ముందు

ఏటా జూలైలో జరిగే టూర్ ద ఫ్రాన్స్ గురించి చాలామంది విన్నదే. అదే దారిలో, అవే 21 దశలను, అసలు పోటీకి సరిగ్గా వారం ముందు మామూలు మనుషులు తొక్కే యాత్ర ఒకటుంది. పేరు ద టూర్ 21. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ కేంద్రంగా పనిచేసే క్యూర్ లుకేమియా అనే స్వచ్ఛంద సంస్థ కోసం 2021 నుంచి ఈ పేరుతో నడుస్తోంది. ఇందులో చేరే ఒక్కొక్కరూ కనీసం 30,000 పౌండ్లు విరాళంగా పోగుచేయాలి. మన లెక్కలో 30 లక్షల రూపాయల పైమాటే. రక్తక్యాన్సర్‌కు కొత్త మందుల ప్రయోగాలు జరిగే ఆసుపత్రుల్లో పరిశోధన నర్సుల జీతాలకు ఈ డబ్బు అక్కరకొస్తుంది.

దీని వెనక ఉన్న మనిషి జెఫ్ థామస్. ఇంగ్లండ్ జట్టుకు 9 మ్యాచ్‌లు ఆడిన ఫుట్‌బాలర్. 1990 ఎఫ్.ఎ. కప్ ఫైనల్లో క్రిస్టల్ ప్యాలెస్ కెప్టెన్. ఆట నుంచి తప్పుకున్న కొద్దికాలానికే, 2003లో, ఆయనకు రక్తక్యాన్సర్ ఉన్నట్టు తేలింది. సోదరి ఇచ్చిన మూలకణాలతో 2004లో చికిత్స జరిగింది. ఆ మరుసటి ఏడాదే, 2005లో, టూర్ దారి మొత్తం సైకిల్ మీద పూర్తిచేశాడు. ఆ ఒక్కసారితో ఆగలేదు. 2015లో లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను రెండు రోజులు తనతో తొక్కడానికి పిలిస్తే ప్రపంచ సైక్లింగ్ సంఘం అధ్యక్షుడే బహిరంగంగా తప్పుపట్టాడు. డోపింగ్‌లో పట్టుబడి టూర్ టైటిళ్లు పోగొట్టుకున్న మనిషిని మళ్లీ అదే దారి మీదికి తేవడం ఏమిటన్నది అభ్యంతరం. థామస్ మాత్రం వెనక్కి తగ్గలేదు.

2024 సంగతి చూద్దాం. ఆ ఏడాది టూర్ మొత్తం 3,498 కిలోమీటర్లు. పోటీ ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో మొదలై, పారిస్‌లో ఒలింపిక్స్ ఉండటంతో చరిత్రలో తొలిసారి పారిస్‌లో కాకుండా నీస్‌లో ముగిసింది. తొమ్మిదో దశ ట్రువా పట్టణం చుట్టూ. షాంపేన్ ద్రాక్షతోటల మధ్య 14 చోట్ల తారు లేని తెల్లటి గులకదారులు, అన్నీ కలిపి 32 కిలోమీటర్లు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల మధ్య నుంచి సైకిల్ తోలుకొస్తే ఎలా ఉంటుందో, ఆ దారిలోంచి బయటపడిన సైకిల్ అలా ఉంటుంది. ఆ పొడి చైను నూనెతో కలిసి సానపట్టే ముద్దలా తయారవుతుంది. మర్నాడు విశ్రాంతి, ట్రువాకు దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని ఓర్లియాన్స్‌లో.

వారం ముందు తొక్కే బృందానికి ఈ తేదీలు జూన్ 30, జూలై 1. తొక్కడం అయ్యాక రైడర్లు బస్సెక్కి నిద్రపోతారు. బండ్లను సర్ది, సైకిళ్లను పైన కట్టి, చీకటి పడ్డాక కొత్త ఊరి సందుల్లో వ్యాను తిప్పుకుంటూ హోటల్ వెతుక్కునేది మాత్రం క్రూ అనే సహాయక బృందమే. అంటే విశ్రాంతి దినం వాళ్లకు మొదలయ్యేదే నిద్ర బాకీతో.

కొలిమి తిత్తి ఊదిన కుర్రాడు

విశ్రాంతి రోజు అనేది టూర్‌కు పుట్టుకతోనే ఉంది. 1903 నాటి తొలి పోటీలో ఉన్నవి ఆరే దశలు, 2,428 కిలోమీటర్లు. జూలై 1న బయల్దేరి 19న ముగించారు. ఒక్కో దశ రాత్రనకా పగలనకా సాగేది కాబట్టి చాలా దశల మధ్య రెండు, మూడు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజుల విరామం. 60 మంది మొదలుపెడితే చివరిదాకా వచ్చినవాళ్లు 21 మంది. ఇప్పుడు 21 దశలకు మామూలుగా రెండే విశ్రాంతి రోజులు.

సహాయక బృందం మాత్రం ఆ రోజుల్లో లేదు. సరిగ్గా చెప్పాలంటే, ఉండకూడదు. పోటీ పెట్టిన పత్రికా సంపాదకుడు ఆన్రి డెగ్రాంజ్ దృష్టిలో ఎవరి సైకిల్‌ను వాళ్లే బాగుచేసుకోవాలి. 1913లో ఈ నియమం యూజీన్ క్రిస్టోఫ్ అనే రైడర్ మెడకు చుట్టుకుంది. పిరెనీస్ పర్వతాల్లో టూర్మలే కనుమ దిగుతుండగా ఆయన సైకిల్ ముందు ఫోర్కు విరిగింది. సైకిల్‌ను భుజానేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి కింద పల్లెలో కొలిమి పట్టుకున్నాడు. కమ్మరి చేత చేయించకూడదు కాబట్టి తనే ఇనుము కాల్చి, అతికి, మళ్లీ సైకిలెక్కాడు. గంటల కాలం పోయింది. పైగా జరిమానా. ఎందుకంటే ఆయన రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు కొలిమి తిత్తి ఊదింది ఒక కుర్రాడు. అది పరాయి సాయమట! మొదట 10 నిమిషాలు వేసిన జరిమానాను తర్వాత 3 నిమిషాలకు తగ్గించారు. ఆ పల్లె పేరు సెయింట్ మరీ ద కంపాన్. క్రిస్టోఫ్ గుర్తుగా అక్కడ ఫలకం పెట్టారు. కుర్రాడికి చరిత్రలో దక్కింది మూడు నిమిషాల జరిమానాకు కారణమన్న పేరు.

క్రూ అనేవాళ్లంతా ఒక రకంగా ఆ కుర్రాడి వారసులే. ఇప్పుడు ప్రొఫెషనల్ జట్టులో 8 మంది రైడర్లు ఉంటే, వాళ్ల వెనక మెకానిక్‌లు, మాలిష్ చేసేవాళ్లు, వంటవాళ్లు, డాక్టరు, బస్సు డ్రైవర్లు కలిపి దాదాపు మూడింతల మంది. లారీలోనే బట్టలుతికే యంత్రాలుంటాయి. విరాళాల యాత్రలో ఆ నిష్పత్తి తలకిందులు. ఇరవై మంది తొక్కుతుంటే చూసుకునే చేతులు అంతకంటే తక్కువ. పనిగంటలు మాత్రం ఎక్కువ. ప్రొఫెషనల్ రైడర్లు ఐదు గంటల్లో ముగించే కొండదారికి మామూలు మనిషికి ఎనిమిది, తొమ్మిది, ఒక్కోసారి పది గంటలు పడుతుంది. పైగా వారం ముందు వెళ్లేవాళ్ల కోసం ఎవరూ రోడ్లు మూయరు. ఎర్రలైటు దగ్గర ఆగాలి, ట్రాక్టరు వెనక నడవాలి, రోడ్డు తవ్వకాలు కనిపిస్తే దారి మళ్లాలి. చివరి రైడరు వచ్చేదాకా చివరి వ్యాను కదలడానికి వీల్లేదు.

చీపురు బండి అని ఒకటుంది. అలసి ఆగిపోయినవాళ్లను ఊడ్చుకొచ్చేది కాబట్టి ఆ పేరు. టూర్‌లో 1910 నుంచీ ఉంది. నిజంగానే దాని వెనక చీపురు కట్టి తిప్పిన కాలం ఉంది. విరాళాల యాత్రలో ఆ బండి డ్రైవర్‌ది చాలా సున్నితమైన పని. ఎక్కమంటే రైడర్‌కు అవమానం. ఎక్కవద్దంటే అపాయం. ఆ మాట ఎప్పుడు అనాలో, ఎలా అనాలో తెలిసినవాడు ఇద్దరు మెకానిక్‌ల పెట్టు.

ఉతుకు, ఆరబెట్టు, మడత

ఇక విశ్రాంతి రోజు దినచర్య. ముందు సైకిళ్లు. గ్రీజు వదిలించే ద్రావకం, మెత్తటి కుంచె, సబ్బునీళ్లు, చివర పొడిగుడ్డ. మట్టి పోయాకే అసలు రోగం కనబడుతుంది. బ్రేకు ప్యాడ్ల మందం చూడాలి. ఆల్ప్స్‌లో ఒక్కో దిగుడుకూ వాటి ప్రాణం కొంత పోతుంది. 2024 దారిలో ఉన్న బోనెట్ శిఖరం దారి 2,802 మీటర్ల ఎత్తుకు వెళ్తుంది. అక్కడి నుంచి దిగేటప్పుడు వేళ్లు బ్రేకు మీదే ఉంటాయి. టైరును గుండ్రంగా తిప్పుతూ బొటనవేలితో తడిమి, దిగబడ్డ గాజుపెంకులను సూదిమొనతో పెకలించాలి. ఇది మామూలుగా కనిపించే పనే. రేపటి పంచరు ఎక్కడ పడబోతోందో ఇవాళే కనిపెట్టడం దీని రహస్యం.

పక్కనే చాకిరేవు. సైక్లింగ్ నిక్కర్లలో కూర్చునే చోట మందపాటి మెత్త కుట్టి ఉంటుంది. అది లోపలిదాకా ఆరకపోతే మర్నాటికి ఒరుపు, ఎల్లుండికి పుండు. దూరపు యాత్రల్లో రైడర్లను బండెక్కించే కారణాల్లో మోకాళ్ల నొప్పితో సమానంగా పోటీపడేది ఈ పుండే. చెప్పుకోవడానికి సిగ్గు, కూర్చోవడానికి నరకం. అందుకే హోటల్ కిటికీలకు, వ్యాను అద్దాలకు, చెట్లకు కట్టిన తాళ్లకు నిక్కర్లు వేలాడుతుంటే అది అలంకారం కాదు, వైద్యం.

అసలు వైద్యం చేసేవాళ్ల గదిముందు ఆ రోజు వరుస ఉంటుంది. తొక్కే రోజుల్లో నోరు విప్పనివాళ్లంతా విశ్రాంతి రోజున బయటపడతారు. ఒకరికి చిటికెనవేలు, ఉంగరపువేలు మొద్దుబారిపోయి చొక్కా బొత్తాం పట్టదు. హ్యాండిల్ మీద అరచేయి గంటల తరబడి ఆనడం వల్ల నరం నలిగిన లక్షణమది. ఒకరికి మడమ వెనక స్నాయువు పట్టేసింది. ఇంకొకరికి ఒంట్లో ఏమీ లేదు, ఇంటి మీద బెంగ. బ్యాండేజీ కంటే వినే చెవి ఎక్కువ పనిచేసే సందర్భం అది. ఆ చెవి కూడా క్రూలో ఎవరిదో ఒకరిదే అయ్యుండాలి.

వంట సంగతి చెప్పనే అక్కర్లేదు. పెద్ద కొండలున్న రోజు ఒక్కో రైడరు 6,000 కేలరీల దాకా ఖర్చుచేస్తాడు. మామూలు మనిషి రెండున్నర రోజుల తిండి అది. విశ్రాంతి రోజున తొక్కుడు లేకపోయినా ఆకలి సెలవు తీసుకోదు, ఇంకా పెరుగుతుంది. కాబట్టి మూడు పూటల భోజనంతో పాటు వచ్చే ఆరు రోజుల సరకులు కూడా అదే రోజు కొనాలి. అరటిపండ్లు పెట్టెలకు పెట్టెలు. అందులో సగం పచ్చివి, సగం పండినవి ఏరాలి. అన్నీ పండినవే తెస్తే నాలుగో రోజుకు వ్యానంతా ఈగలు. ఇదేమీ శిక్షణ పుస్తకంలో ఉండదు.

ఇంత చేసి సాయంత్రం మెకానిక్ నడుం వాల్చబోతుండగా, కాళ్లు బిగుసుకుపోకుండా ఓ గంట తిరిగొస్తామంటూ రైడర్లు అప్పుడే కడిగిన సైకిళ్లు తీస్తారు. రోజుల తరబడి తొక్కిన కాళ్లను ఒక్కసారిగా ఆపేస్తే మర్నాడు మొరాయిస్తాయి, నిజమే. ఆ సమయంలో మెకానిక్ మొహం చూడకపోవడం మంచిది.

ఈ మొత్తం వ్యవహారంలో చట్టం అండ ఉన్న విశ్రాంతి ఒక్కరికే ఉంది. పెద్ద బండి డ్రైవరుకు. యూరప్ నిబంధనల ప్రకారం మూడున్నర టన్నులు దాటిన సరకు బండ్లు, బస్సులు నడిపేవాళ్లు నాలుగున్నర గంటలకోసారి 45 నిమిషాలు ఆగాలి. రోజుకు 9 గంటలే స్టీరింగ్ పట్టాలి, వారంలో రెండుసార్లు మాత్రం 10 గంటల దాకా పోవచ్చు. మామూలుగా వారానికోసారి పొడవైన విశ్రాంతి తప్పనిసరి. బండిలోని యంత్రం నిమిషాలతో సహా లెక్క రాస్తుంది. చిన్న వ్యాను నడిపే స్వచ్ఛంద సేవకుడికి ఆ యంత్రం లేదు. అతని నిద్రకు లెక్క రాసేవాళ్లూ లేరు. ప్రమాదం పొంచి ఉండేది అక్కడే.

సెలవే లేని చోట

విశ్రాంతి రోజు అసలే లేని యాత్రలూ ఉన్నాయి. అమెరికాను ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకు దాటే రేస్ అక్రాస్ అమెరికా వాటిలో పేరుమోసింది. దాదాపు 4,800 కిలోమీటర్లు. ఒంటరి రైడరుకు గడువు 12 రోజులు, జట్లకు 9. గడియారం ఆగదు. రాత్రిపూట రైడరు వెనకే దీపాలు వేసుకుని వ్యాను నడవాలన్నది నియమం. అంటే రైడరు సైకిల్ మీద ఉన్నంతసేపూ బండి చక్రం తిరుగుతూనే ఉండాలి. క్రూ రెండు మూడు షిఫ్టులుగా విడిపోయి, కదిలే బండి వెనక సీట్లో మెడ వాల్చి నిద్రపోతారు.

పోటీ మొదలైన మరుసటి ఏడాది, 1983లో, మైకేల్ షెర్మర్ అనే రైడరు 83 గంటలు కునుకు లేకుండా తొక్కి నెబ్రాస్కాలో ఒక రాత్రి తన క్రూ అంతా గ్రహాంతరవాసులని నమ్మేశాడు. వెనక వచ్చే దీపాల బండి వాళ్ల నౌక. తన మనుషుల వేషం వేసుకుని ఎత్తుకుపోవడానికి వచ్చారు. నిజంగా తన మెకానికేనా అని పరీక్షించడానికి సైకిల్ గురించి ప్రశ్నలు కూడా వేశాడు. గంటన్నర పడుకోబెట్టాక భూలోకానికి వచ్చాడు. తర్వాత రోజుల్లో ఆయన శాస్త్రదృష్టి మీద, మూఢనమ్మకాల మీద రచయితగా పేరు తెచ్చుకోవడం విశేషం. ఆయన ఈ కథను పదేపదే చెప్పుకున్నాడు. ఆ రాత్రి ఆ బండిలో ఉన్నవాళ్లు ఎన్ని గంటల నిద్ర మీద ఆ ప్రశ్నలకు జవాబులు చెప్పారన్నది కథలో చిన్న భాగమే.

మనవాళ్లూ ఆ దారి తొక్కారు. నాసిక్ డాక్టర్ సోదరులు హితేంద్ర, మహేంద్ర మహాజన్ 2015లో ఇద్దరి జట్టుగా 8 రోజుల 14 గంటల 55 నిమిషాల్లో ఆ పోటీ పూర్తిచేశారు. గిరిజనుల కంటి వైద్యానికి మద్దతుగా వెళ్లిన యాత్ర అది. ఇద్దరి జట్టంటే ఒకరు తొక్కుతుంటే మరొకరు బండిలో. రైడర్లకు వంతులున్నాయి కాబట్టి క్రూకు తేలిక అనుకుంటే పొరపాటు. దించాలి, ఎక్కించాలి, తినిపించాలి, పడుకోబెట్టాలి, మళ్లీ లేపాలి. ఇద్దరు పసిపిల్లలున్న ఇల్లు ఎలా ఉంటుందో అలా.

ఆరు వందల మంది రోడీలు

క్రూకు సొంత పేరు, సొంత గౌరవం సంపాదించిపెట్టిన యాత్ర చెప్పమంటే కాలిఫోర్నియా వైపు చూడాలి. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలిస్‌కు 545 మైళ్లు, అంటే సుమారు 877 కిలోమీటర్లు, ఏడు రోజులు. ఎయిడ్స్ లైఫ్‌సైకిల్ పేరుతో 2002లో మొదలై 2025 జూన్‌లో ఆఖరి యాత్ర ముగించుకుంది. మంచి ఏడాదుల్లో రెండు వేలకు పైగా రైడర్లు, వాళ్ల వెనక ఆరు వందల మంది దాకా స్వచ్ఛంద సేవకులు. వీళ్లకు రోడీలని పేరు. రోజూ వేల సంచులను లారీల్లోంచి దించి, మళ్లీ ఎక్కించే గుంపు ఒకటి. గుడారాల చోట ఒకటి, సైకిళ్ల కాపలాకు ఒకటి, మధ్యలో నీళ్లిచ్చే మజిలీల దగ్గర ఒక్కోచోట ఒక్కో గుంపు. నీళ్ల మజిలీల వాళ్లు వేషాలు కట్టి పాటలు పెట్టి రైడర్లను నవ్వించి పంపేవాళ్లు.

అందులో పూర్తి విశ్రాంతి రోజు లేదు. ఐదో రోజు దూరం మాత్రం బాగా తక్కువ. ఆ రోజు అందరూ ఎర్ర దుస్తులు వేసుకుని తొక్కేవాళ్లు. దూరం నుంచి చూస్తే కొండమలుపుల్లో ఎర్రరిబ్బను కదిలినట్టు ఉండాలని. రైడర్లకు అది ఆటవిడుపు. సంచులు మోసే రోడీలకు మాత్రం సంచుల సంఖ్య మారదు. దూరం తగ్గితే ఊరు త్వరగా వస్తుంది, ఊరు త్వరగా వస్తే గుడారాలు త్వరగా లేవాలి.

ఈ యాత్ర పుట్టుకలోనే క్రూ విలువ తెలిసే ఒక సంగతి ఉంది. 1994లో మొదలైన పాత యాత్రలో నిర్వహణ ఖర్చులు పెరిగి, విరాళంలో చివరకు రోగుల సేవకు మిగిలేది ఎంతన్న వివాదం ముదిరింది. దాంతో లబ్ధి పొందే సంస్థలే విడిపోయి సొంతంగా ఈ యాత్ర పెట్టుకున్నాయి. విరాళాల యాత్రకు ఇదే తూకపురాయి. సైకిల్ యాత్రంటే తిండి, బస, పెట్రోలు, బీమా, మందులు. జీతాలు కూడా తోడైతే దాతల డబ్బు దారిలోనే ఆవిరైపోతుంది. ఉచితంగా సంచులు మోసిన మనిషి ఏడు రోజుల కూలిని లెక్కకట్టి ఎవరూ విరాళాల పట్టికలో రాయరు. రాయాలి. ఎవరెంత పోగుచేశారో వేదిక మీద చదివేటప్పుడు ఆ వరుస కూడా ఉంటే మొత్తం అంకె చాలా పెద్దదవుతుంది.

44వ నంబరు రహదారి మీద

తెలుగు నేలకు ఈ సంగతులు పరాయివి కావు. హైదరాబాద్‌కు చెందిన ఆదిత్య మెహతా రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, కృత్రిమ కాలితో సైక్లింగ్ నేర్చుకుని, 2013లో ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజతాలు గెలిచారు. ఆయన పేరిట నడిచే ఫౌండేషన్ దివ్యాంగ క్రీడాకారుల కోసం ఇన్ఫినిటీ రైడ్ పేరుతో విరాళాల యాత్రలు చేస్తోంది. 2020లో సరిహద్దు భద్రతా దళం తోడ్పాటుతో పారా సైక్లిస్టులు శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా, సుమారు 3,800 కిలోమీటర్లు తొక్కారు. నవంబరు 19న బయల్దేరి డిసెంబరు 31న చేరారు. కోవిడ్ ఏడాది అది.

ఇలాంటి యాత్రలో విశ్రాంతి రోజు క్రూకు పని ఇంకో మెట్టు పైన. మోకాలి కింద కృత్రిమ కాలు తగిలించుకునే చోట సిలికాన్ తొడుగు ఉంటుంది. చెమట పట్టి రోజంతా ఒరుసుకుంటే చర్మం లేచిపోతుంది. రోజు గడిచేకొద్దీ మిగిలిన కాలి మందం కూడా మారుతుంది కాబట్టి పొద్దున బిగువుగా ఉన్నది సాయంత్రానికి వదులవుతుంది. తొడుగు కడిగి నీడన ఆరబెట్టడం, పుండుపడే చోటుకు గాలి తగలనివ్వడం, బిగింపులు సరిచూడటం సైకిల్ చైను కంటే ముందు చూడాల్సిన పనులు. చేతులతో తొక్కే సైకిళ్లకు మూడు చక్రాలు. ఒక్కో సైకిల్‌కు టైర్ల పని ఒకటిన్నర రెట్లు.

మన హైవేల మీద పంచర్లకు పెద్ద కారణం మేకులు కావు. పేలిపోయిన లారీ టైర్ల నుంచి రాలే వెంట్రుక మందం ఉక్కు తీగముక్కలు. 44వ నంబరు రహదారి మీద నిర్మల్ అయినా కర్నూలు అయినా, రోడ్డు పక్క తెల్లగీత అవతల అవే పరుచుకుని ఉంటాయి. ట్యూబు మార్చి గాలి కొట్టినా పది నిమిషాల్లో మళ్లీ కూర్చుంటుంది, తీగముక్క టైరులోనే ఉండిపోయి ఉంటుంది కాబట్టి. విశ్రాంతి రోజున లాడ్జి వరండాలో కూర్చుని పటకారు, భూతద్దం పట్టుకుని టైరంతా గాలించేవాళ్లను చూస్తే, బియ్యంలో రాళ్లు ఏరుతున్న ఇల్లాలు గుర్తుకొస్తుంది. పనిలో తేడా లేదు. ఒక్కటి వదిలేసినా పంటికింద తగులుతుంది.

అనుభవమున్న నిర్వాహకులు ఈమధ్య కొన్ని మార్పులు చేస్తున్నారు. విశ్రాంతి రోజును రెండుగా చీల్చి సగం క్రూకు పొద్దుటి పూట, సగం మందికి మధ్యాహ్నం పూట సెలవిస్తున్నారు. ఆ రోజుకు వంట బయట హోటల్‌కు అప్పగిస్తున్నారు. ఎవరి సైకిల్ వాళ్లే కడుక్కోవాలన్న నియమం పెడుతున్నారు. మూడోది అన్నిటికంటే చవక, అమలు చేయడం అన్నిటికంటే కష్టం. రైడరు అలసిపోయి ఉంటాడు, నిజమే. పాతిక నిమిషాల పనికి ఆ అలసట అడ్డురాదు. ఇరవై మంది తలా పాతిక నిమిషాలు కూర్చుంటే మెకానిక్‌కు ఎనిమిది గంటలు మిగులుతాయి. అంటే ఒక పూర్తి నిద్ర.

మీ ఊళ్లో ఏదైనా ఆసుపత్రి కోసమో, బడి కోసమో, పిల్లల చికిత్స కోసమో సైకిల్ యాత్ర బయల్దేరుతోందని తెలిస్తే, తొక్కడం చేతకాదని ఆగిపోవద్దు. డ్రైవింగ్ లైసెన్సు ఉన్నా, పంచరు వేయడం వచ్చినా, పాతిక మందికి ఉప్మా కలపగలిగినా చాలు, వెళ్లి పేరు ఇవ్వండి. పేరు ఇచ్చేటప్పుడు మాత్రం ఒక్క మాట అడిగి తెలుసుకోండి: విశ్రాంతి రోజున క్రూకు సెలవు పొద్దుటి పూటా, మధ్యాహ్నమా?